పట్టేసింది అంటే ఏ పట్టు? సాగదీత, కాపడం, జెల్, మాత్రల్లో ఎవరికి ఏది

కావలిలో మా మందుల షాపు కౌంటర్ దగ్గర నేను ఎక్కువగా వినే మాట, "అన్నా, పట్టేసింది, ఒక మాత్ర ఇయ్యి". పోయిన రోహిణీ కార్తెలో ఒకే సాయంత్రం ముగ్గురు ఇదే మాటతో వచ్చారు. మొదటి అబ్బాయి అల్లూరు వైపు రొయ్యల గుంటలో పట్టుబడికి పోయి, మధ్యాహ్నమంతా ఎండలో వల లాగి వచ్చాడు. రెండు పిక్కలూ రాయిలా బిగుసుకుపోయి బైక్ దిగి నడవలేకపోతున్నాడు. రెండో ఆమె డెబ్భై దాటిన పెద్దమ్మ. నెల రోజులుగా తెల్లవారుజామున మూడింటికి కాలు పట్టేసి కేకపెట్టి లేస్తోంది. మూడో ఆయన లారీ డ్రైవర్. చెన్నైలో బయల్దేరి ఒంగోలు పోవాలి, దారిలోనే మెడ ఎడమ పక్కకి తిరగడం మానేసింది.

ముగ్గురూ అడిగింది ఒకే రకం మాత్ర. కావాల్సింది మాత్రం ఎవరిది వాళ్లకే. అబ్బాయికి నీడ, ఉప్పు కలిపిన నీళ్లు. పెద్దమ్మకు పడుకునే ముందు ఐదు నిమిషాల సాగదీత, ఆపైన ఆమె వేసుకునే బీపీ మాత్రలను డాక్టర్ ఒకసారి చూడటం. డ్రైవర్‌కు కాపడం, రెండు రోజులు స్టీరింగ్‌కు దూరం. ఏ పట్టో తేలకుండా ఏ మందు మంచిదో చెప్పడం కుదరదు. మాత్రలు అమ్మి బతికేవాణ్ణే అయినా, వాటి వంతు చివర్లో వస్తుందని నా గట్టి నమ్మకం. ఆ క్రమంలోనే రాస్తాను.

మనం "నరం పట్టేసింది" అంటాం గానీ, చాలాసార్లు బిగుసుకునేది కండరం. నరం నుంచి "బిగించు" అనే కబురు వస్తే కండ ముడుచుకుంటుంది. కండ చివర ఎముకకు అతుక్కునే స్నాయువులో "చాలు, వదులు" అని కబురు పంపే ఏర్పాటు ఒకటి ఉంది. కండ బాగా అలసినప్పుడు మొదటి కబురు పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది. దాంతో మనం చెప్పకుండానే కండ బిగుసుకుని అలాగే ఉండిపోతుంది. ఒంట్లో ఉప్పు, నీళ్లు తగ్గడం, వయసు, కొన్ని మందులు, గర్భం, కిడ్నీ జబ్బు, థైరాయిడ్, షుగర్ ఇవన్నీ ఆ బిగుతును తొందరగా తెచ్చేవే.

పట్టిన ఆ నిమిషంలో

సాగదీతను మించింది లేదు. సాగదీస్తే స్నాయువు లాగబడి "వదులు" అనే కబురు మళ్లీ మొదలవుతుంది. పిక్క పట్టితే మోకాలు చాపి, పాదం వేళ్లను మొహం వైపు లాక్కోవాలి. చెయ్యి అందకపోతే తువ్వాలును పాదానికి అడ్డంగా వేసి రెండు కొసలూ పట్టి లాగాలి. లేవగలిగితే గోడకు చేతులు ఆనించి, పట్టిన కాలు వెనక్కి పెట్టి, మడమ నేలను వదలకుండా ముందుకు వంగాలి. 20 నుంచి 30 సెకన్లు ఉంచి, వదిలి, మళ్లీ చెయ్యాలి. తొడ వెనక పట్టితే కాలు చాపి పైకెత్తాలి. తొడ ముందు పట్టితే మడమను పిరుదు వైపు మడవాలి. వేళ్లు కొంకర్లు పోతే రెండో చేత్తో మెల్లగా వెనక్కి వంచాలి. ఎక్కడా కుదుపు ఉండకూడదు.

అదే సమయంలో బామ్ డబ్బా వెతికేవాళ్లు చాలామంది. పిక్క పట్టు చాలావరకు కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల్లో దానంతటదే వదిలేస్తుంది. డబ్బా దొరికి, మూత తీసి, రుద్దేసరికి ఆ సమయం అయిపోతుంది, పేరు బామ్‌కి వస్తుంది. మాత్ర సంగతీ అంతే. కడుపులోకి పోయి, రక్తంలో కలిసి పనిచేయడానికి కనీసం అరగంట పడుతుంది. పట్టు వదిలాక మర్నాడు కూడా ఆ కండ దెబ్బ తిన్నట్టు సలుపుతుంటే భయపడక్కర్లేదు. గోరువెచ్చని నీళ్లు, కాస్త నువ్వుల నూనె మర్దన చాలు.

ఎండలో చెమటోడ్చి పట్టేస్తే

మన దగ్గర ఎండాకాలం ఇదే ఎక్కువ. రొయ్యల గుంటలు, ఇస్కపల్లి ఉప్పు కయ్యలు, పొదలకూరు నిమ్మ తోటలు, చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, కొండపి వైపు పొగాకు బ్యారన్లు, ఎక్కడ పనిచేసినా లీటర్ల కొద్దీ చెమట పోతుంది. చెమటలో నీళ్లతో పాటు ముఖ్యంగా పోయేది సోడియం, అంటే ఉప్పు. పొటాషియం పోయేది దానికంటే చాలా తక్కువ. ఇది గుర్తుంటే ఏం తాగాలో ఎంచుకోవడం తేలిక.

ఉత్త నీళ్లు దాహం తీరుస్తాయి. కానీ గంటల తరబడి చెమటోడ్చి ఉత్త నీళ్లే కడుపు నిండా తాగుతూ పోతే, రక్తంలో మిగిలిన ఉప్పు ఇంకా పలచబడి పట్లు పెరగొచ్చు. 1930ల్లో అమెరికాలో హూవర్ డ్యామ్ కట్టేటప్పుడు ఎడారి ఎండలో కూలీలకు ఇలాగే పట్లు వస్తే, ఉప్పు అందించడమే వైద్యమైంది. అలసట పాత్ర కూడా ఉందని తర్వాత తెలిసింది గానీ, ఎండలో పనిచేసేవాళ్ల విషయంలో ఉప్పు మాట ఇప్పటికీ నిలబడుతుంది.

టెంకాయ నీళ్లు మంచివే, అయితే వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఒక్క టెంకాయతో చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు. అరటిపండు కూడా అంతే, ఆకలి తీరుస్తుంది, పట్టును ఆపదు. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, ఉప్పు పంచదార కలిపిన నిమ్మకాయ నీళ్లు ఈ రెండింటికంటే మేలు. నిమ్మకాయలకు మన జిల్లాలో కొదవ లేదు. ఖర్చు చూసినా, గుణం చూసినా పనికి పోయేవాళ్లకు నేను చెప్పేది మజ్జిగే. క్యారేజీతో పాటు ఒక బాటిల్ తీసుకుపోయి, పట్టేదాకా ఆగకుండా పని మధ్యలో తాగుతుండాలి.

పట్లు మొదలయ్యాక అన్నిటికన్నా ఖాయమైనది ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద ఒక లీటరుకు అని ఉంటే లీటరులోనే కలపాలి. గ్లాసులో చిక్కగా కలుపుకుంటే మేలు జరగదు, వాంతి రావొచ్చు. ప్యాకెట్ లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలపాలి. చెంచాలు గోపురంలా కాకుండా తలకొట్టి కొలవాలి. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని అట్టపెట్టెల్లో అమ్మిన తీపి పానీయాలతో ఎందరో మోసపోయారు. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరును అలాంటి పానీయాలకు వాడకూడదని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం అని ప్యాకెట్ మీద ఉందో లేదో చూసి కొనండి. షాపువాణ్ణి అడిగినా తప్పులేదు.

బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఉప్పు నీళ్లను రోజువారీ అలవాటు చేసుకోకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు టెంకాయ నీళ్లలోని పొటాషియం ప్రమాదం కూడా. వాళ్లు ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి.

ఎండలో పట్లతో పాటు తల తిరగడం, వాంతులు వస్తే పని ఆపి నీడలో పడుకోబెట్టాలి. మాట తడబడినా, మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేలోగా ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసరాలి. జ్వరం మాత్ర వేస్తే ఆ వేడి దిగదు. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో ఏమీ పొయ్యకూడదు.

రాత్రి పూట పిక్కలు పట్టేస్తే

మా అమ్మకు ఇది ఉండేది. అందుకే దీని గురించి నేను ఎక్కువ చదివాను, ఎక్కువ చెప్పాలనిపిస్తుంది కూడా. నిద్రలో కేకపెట్టి లేచి, గోడ పట్టుకుని చీకట్లో నిలబడే ఆ బాధ చూసినవాళ్లకే తెలుస్తుంది. యాభై, అరవై దాటినవాళ్లలో ఇది చాలా మామూలు. గర్భిణుల్లో చివరి నెలల్లో తరచుగా వస్తుంది.

దీనికి జనం వాడేవి ప్రధానంగా మూడు. మొదటిది మెగ్నీషియం మాత్రలు. ఇప్పుడు ఫోన్‌లో వీడియోలు చూసి వచ్చి అడిగేవాళ్లు బాగా పెరిగారు. వైద్య పరీక్షల ఫలితాలను కలిపి చూసే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2020లో ఇచ్చిన సమీక్షలో, పెద్దవయసువాళ్ల పిక్కల పట్లను మెగ్నీషియం చెప్పుకోదగ్గంతగా తగ్గించే అవకాశం లేదని తేల్చింది. గర్భిణుల విషయంలో ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. విరేచనాలు అవుతాయి. కిడ్నీ సరిగా పనిచేయని వాళ్ల ఒంట్లో మెగ్నీషియం పేరుకుపోతుంది. డబ్బు పెట్టి కొనేంత పని లేదని నేను నేరుగానే చెప్పేస్తాను.

రెండోది బలం మాత్రలు. బి12 తక్కువైతే పాదాల్లో తిమ్మిర్లు, మంటలు వస్తాయి, వాటికి ఆ మాత్ర అవసరమే. తిమ్మిరి వేరు, పట్టు వేరు. పట్టినప్పుడు కండ చేతికి గట్టిగా ముద్దలా తగులుతుంది. తిమ్మిరిలో కండ మెత్తగానే ఉంటుంది, చీమలు పాకినట్టు ఉంటుంది. ఈ తేడా చూసుకోకుండా ఏళ్ల తరబడి బి కాంప్లెక్స్ మింగేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

మూడోది సాగదీత, పైసా ఖర్చు లేనిది. నెదర్లాండ్స్‌లో 55 ఏళ్లు దాటిన 80 మంది మీద చేసిన ఒక పరీక్ష 2012లో అచ్చయింది. పడుకునే ముందు పిక్కలు, తొడ వెనక కండలు సాగదీసినవాళ్లకు ఆరు వారాల్లో పట్లు వచ్చే సార్లూ తగ్గాయి, వచ్చినప్పుడు బాధా తగ్గింది. మా అమ్మతో చేయించింది ఇదే. గోడకు ఆని మూడుసార్లు, మంచం మీద తువ్వాలుతో మూడుసార్లు. మొదటి వారం ఏ తేడా లేదు, "నీ మాటలు కట్టిపెట్టరా" అంది. మూడో వారానికి తనే అలవాటుగా చేసుకుంది. ఆరు వారాలు ఆగగలిగితే నా ఓటు దీనికే. పాదాలు కిందికి వంగిపోయేలా బరువైన దుప్పటి బిగించి కప్పుకోకపోవడం కూడా కొంత సాయం చేస్తుంది.

ఒకప్పుడు ఈ పట్లకు క్వినైన్ రాసేవాళ్లు. పాత చీటీ తెచ్చి అడిగినవాళ్లు నాకు ఎదురయ్యారు. రక్తకణాలు పడిపోవడం, గుండె లయ తప్పడం లాంటి ప్రాణాపాయాలు ఉన్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లోనే దీని మీద గట్టి చర్య తీసుకుంది. పిక్కల పట్టు కోసం దాన్ని వాడొద్దు.

మాత్ర మొదలుపెట్టాలా అని ఆలోచించే ముందు, ఇప్పటికే వేసుకుంటున్న మాత్రల్లో పట్టు తెప్పించేది ఉందేమో చూడాలి. బీపీకి, కాళ్ల వాపుకి ఇచ్చే నీటి మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్రలు, ఆయాసానికి పీల్చే సాల్బుటమాల్, వీటిలో ఏదైనా కారణం కావొచ్చు. సొంతంగా ఆపెయ్యకండి. ఆ మాత్రలు గుండెను, మెదడును కాపాడుతుంటాయి. డాక్టర్‌కు చెబితే మోతాదు తగ్గించడమో, వేరేది ఇవ్వడమో చేస్తారు.

నడుము, మెడ పట్టేస్తే

బిందె ఎత్తబోతే, నాట్లలో వంగి లేవబోతే, తల దిండు మీద అడ్డదిడ్డంగా పెట్టి నిద్రపోయి లేస్తే పట్టేది వేరే రకం. ఇది నిమిషాల్లో వదలదు. లోపల ఎక్కడో నొప్పి ఉంటే ఆ చోటు కదలకుండా చుట్టూ కండలు కాపలా కాసినట్టు బిగుసుకుంటాయి. చాలామందికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తగ్గుతుంది.

ఇక్కడ మొదటి ప్రశ్న కాపడమా, ఐసా. దెబ్బ తగిలి, బెణికి, వాపు కనిపిస్తుంటే మొదటి 48 గంటలు ఐసు. గుడ్డలో చుట్టి 15 నిమిషాలు, చర్మానికి నేరుగా తగలకుండా. వాపు, దెబ్బ లేకుండా ఉత్తగా బిగుసుకుపోతే కాపడం. అమెరికా ఫిజీషియన్ల సంఘం 2017లో నడుము నొప్పికి ఇచ్చిన సలహాల్లో మందులకంటే ముందు చెప్పిన వాటిలో వేడి, మర్దన ఉన్నాయి. మన అమ్మమ్మలు పెనం మీద వేడి చేసిన ఉప్పు మూట, ఇసుక మూట, వావిలాకు కాచిన నీళ్లు, ఆముదం రాసి వెచ్చబెట్టిన జిల్లేడాకు, అన్నీ వేడిని కండలోకి పంపే దారులే. వేడినీళ్ల బ్యాగు వాటికంటే గొప్పదేమీ కాదు, వేడి సమంగా ఉంటుంది అంతే. ఏదైనా 15, 20 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది, చేతులు కడుక్కోవాలి. షుగర్ ఎక్కువకాలంగా ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు కాళ్లకు కాపడం పెట్టుకోవద్దు. చర్మం కాలినా తెలియదు. ఆ పుండ్లు ఎంత దూరం తీసుకుపోతాయో మా షాపుకు డ్రెస్సింగ్ గుడ్డల కోసం వచ్చేవాళ్లను చూసి తెలుసుకున్నాను.

పడుకోవాలా, తిరగాలా అనేది రెండో ప్రశ్న. మరీ కదలలేకపోతే ఒక రోజు, రెండు రోజులు పడుకోవచ్చు. అంతకుమించి పడుకుంటే కండ ఇంకా బిగుస్తుంది, కోలుకోవడం ఆలస్యమవుతుంది. ఇంట్లోనే మెల్లగా నడవాలి, గంటసేపు ఒకేచోట కూర్చోకూడదు. నడుము బెల్టు ప్రయాణానికి, మొదటి నాలుగు రోజులకు పనికొస్తుంది. నెలల తరబడి కట్టుకుంటే నడుము కండలు బలహీనపడతాయి.

మూడోది ఎవరి చేతిలో పడాలి అనేది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు నడుము తొక్కితే పట్టు పోతుందని మన ఊళ్లలో ఇప్పటికీ నమ్మకం. చిన్నపిల్లవాడు మెల్లగా తొక్కితే మర్దన చేసినట్టు హాయిగా ఉండొచ్చు. పెద్దమనిషి కాలితో తన్నించుకోవడం మాత్రం వద్దు. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లలో వెన్నుపూస విరగొచ్చు. మంగలి షాపులో మెడ టకటకమని విరిపించుకోవడం అంతకంటే ప్రమాదం. మెదడుకు రక్తం తీసుకుపోయే ధమని మెడలో చిరిగితే పక్షవాతం రావొచ్చు. అరుదే, కానీ వస్తే తిరిగి రాని నష్టం. పుత్తూరు కట్టు ఎముక విరిగినవాళ్ల మాట. కండ పట్టుకు కట్టు కట్టి కదలకుండా ఉంచితే కావాల్సిన దానికి ఎదురు పని అవుతుంది.

వారంలో సగమన్నా తగ్గకపోతే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పోవడం వీటన్నిటికంటే మంచి ఖర్చు. నెల్లూరులో, ఒంగోలులో, కావలిలో కూడా ఉన్నారు. కరెంటు మిషన్ పెట్టి పంపేసేవాళ్లకంటే, వ్యాయామాలు చేయించి ఇంట్లో ఎలా చెయ్యాలో నేర్పేవాళ్లను ఎంచుకోండి. మిషన్ ఆ పూట ఉపశమనం ఇస్తుంది. పట్టు మళ్లీ రాకుండా చేసేది వ్యాయామం.

బామ్‌లు, జెల్‌లు

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో అమృతాంజనం మొదలుపెట్టినప్పటి నుంచి బామ్ తెలుగిళ్లలో ఉంది. మెంథాల్, కర్పూరం, వింటర్‌గ్రీన్ నూనెలాంటి ఘాటు పదార్థాలు చర్మానికి చల్లదనమో, వెచ్చదనమో ఇచ్చి నొప్పి మీద నుంచి ధ్యాస మళ్లిస్తాయి. కండ లోపల మార్పు తక్కువ. అయినా హాని తక్కువ, ధర తక్కువ, కాబట్టి నడుము, మెడ పట్టుకు వాడుకోవచ్చు.

డైక్లోఫెనాక్ జెల్‌లో నొప్పి మందే ఉంటుంది. బెణుకులకు బాగా పనిచేస్తుంది. మాత్రతో పోలిస్తే రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ, అందుకే కడుపులో మంట ఉన్నవాళ్లకు ముందు జెల్ ఇస్తాను. లావాటి నడుము కండల్లోకి అంత లోతుగా పోదు. జెల్ గానీ బామ్ గానీ రాసి పైన కాపడం పెట్టినా, గట్టిగా గుడ్డ చుట్టినా చర్మం బొబ్బలెక్కుతుంది. పగిలిన చర్మం మీద, చిన్నపిల్లల ముక్కు దగ్గర వద్దు.

ఇక మాత్రలు

నడుము పట్టుకు సాధారణంగా రాసే మాత్రలో రెండు మందులు కలిసి ఉంటాయి. ఒకటి అసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు. రెండోది కండను వదులు చేసేది. థయోకాల్చికోసైడ్, క్లోర్‌జోక్సజోన్, టిజానిడిన్ ఎక్కువగా కనిపించే పేర్లు. ఇవి డాక్టర్ చీటీ మీద ఇవ్వాల్సినవి. "పోయినసారి ఇచ్చిన అదే మాత్ర" అని రేకు చూపిస్తే ఇవ్వలేనని చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది, అయినా చెబుతాను.

రెండు కలిస్తే రెట్టింపు గుణం అనుకుంటాం. న్యూయార్క్‌లో నడుము నొప్పితో ఎమర్జెన్సీకి వచ్చిన 323 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. నొప్పి మందు ఒక్కటే వేసుకున్నవాళ్లూ, దానితో పాటు సైక్లోబెంజాప్రిన్ అనే కండ వదులు మందు కూడా వేసుకున్నవాళ్లూ వారం తర్వాత దాదాపు ఒకేలా ఉన్నారు. అందుకని నొప్పి మందు పడనివాళ్లకు కండ మందు ఒక దారి అవుతుంది గానీ, అందరికీ రెండూ అక్కర్లేదు.

కండ మందుల్లో తేడాలున్నాయి. టిజానిడిన్ మత్తు తెస్తుంది, బీపీ తగ్గిస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నవాళ్లు దీన్ని అసలు వేసుకోకూడదు. రాత్రి నిద్రపట్టని మెడ పట్టుకు పనికొస్తుంది, వేసుకున్నాక బండి మాత్రం నడపకూడదు. ఆ లారీ డ్రైవర్ ఒక మాత్ర వేసుకుని అదే రాత్రి బయల్దేరతానంటే నేను ఒప్పుకోలేదు. థయోకాల్చికోసైడ్‌తో మత్తు తక్కువ. అయితే ఒంట్లో అది మారే తీరు వల్ల క్రోమోజోములకు హాని ఉండొచ్చని ఐరోపా ఔషధ సంస్థ 2013లో హద్దులు పెట్టింది. నోటి ద్వారా ఏడు రోజులకు మించకూడదు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, 16 ఏళ్లలోపు వాళ్లకు ఇవ్వకూడదు. క్లోర్‌జోక్సజోన్ లివర్ జబ్బు ఉన్నవాళ్లకు, రోజూ తాగేవాళ్లకు మంచిది కాదు. బాక్లోఫెన్ వేరే జాతి. పక్షవాతం తర్వాత, వెన్నుపాము దెబ్బ తర్వాత కాళ్లూ చేతులూ బిర్రబిగిసిపోయేవాళ్లకు ఇస్తారు. దాన్ని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావొచ్చు.

నొప్పి మాత్రల విషయంలో నాకున్న భయం కిడ్నీల గురించి. బీపీ మాత్రల్లో కొన్ని, నీటి మాత్ర, నొప్పి మాత్ర మూడూ ఒకేసారి నడిస్తే కిడ్నీ మీద భారం బాగా పెరుగుతుంది. ఎండలో ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడైతే ఇంకా ప్రమాదం. పొద్దున పనికి పోయే ముందు ముందుజాగ్రత్తగా ఒకటి మింగి పోయే కూలీలు ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. కడుపులో పుండ్లు, గుండె జబ్బు, రక్తం పలచబరిచే మందులు ఉన్నా డాక్టర్‌ను అడగాల్సిందే. పేరు, కంపెనీ లేని పొట్లాల్లో అమ్మే నొప్పుల పొడులు గంటలో గుణం చూపిస్తే అనుమానించండి. అలాంటివాటిలో స్టెరాయిడ్ కలిపినవి ఉంటాయి.

సూది వేస్తే తొందరగా తగ్గుతుందని అడుగుతారు. మాత్ర మింగగలిగిన మనిషికి సూదితో దక్కే లాభం స్వల్పం, తుంటిలో గడ్డకట్టడం, నరానికి దెబ్బ తగలడం లాంటి చిక్కులు అదనం.

పట్టులా కనిపించి పట్టు కానివి

కొంచెం దూరం నడవగానే పిక్క పట్టేసి, రెండు నిమిషాలు ఆగితే తగ్గి, మళ్లీ నడిస్తే అంతే దూరానికి పట్టేస్తుంటే అది కాలికి రక్తం చాలకపోవడం కావొచ్చు. చుట్ట, బీడీ తాగేవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. దీనికి బామ్ రాసుకుంటూ ఏళ్లు గడిపి కాలు పోగొట్టుకునే పరిస్థితి రాకూడదు. ఒక్క కాలే వాచి, ఎర్రబడి, వేడిగా ఉండి పిక్క నొప్పి పుడితే రక్తనాళంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని మర్దన చేస్తే గడ్డ ఊపిరితిత్తులకు పోవచ్చు. అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

మెడ, నడుము ఏళ్ల తరబడి కొయ్యబారుతూ, తల తిప్పలేక, కింద కూర్చోలేక పోతుంటే, అందులోనూ కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లయితే ఫ్లోరోసిస్, అంటే తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు గురించి ఆలోచించాలి. మన దేశంలో ఈ జబ్బును మొదటగా 1937లో వైద్యులు నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడేదాకా ఆ తాలూకాలు నెల్లూరువే. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇది కాపడంతో, మాత్రలతో పోయేది కాదు. నీళ్లు పరీక్ష చేయించి, తాగే నీళ్లు మార్చుకోవాలి.

ఎడమ భుజం, దవడ, ఛాతీ పట్టేసి చెమటలు పోస్తే కండ పట్టు అని ఇంట్లో ఆగకండి, 108కి ఫోన్ చెయ్యండి. గాయం తర్వాత దవడ తెరుచుకోకుండా బిగుసుకుంటే ధనుర్వాతం కావొచ్చు. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాలిలో బలం తగ్గినా ఒక్క రాత్రి కూడా ఆగకూడదు. టెన్షన్‌తో గబగబా ఊపిరి తీసినప్పుడు రెండు చేతుల వేళ్లూ కొంకర్లు పోయి మూతి తిమ్మిరెక్కుతుంది. మెల్లగా ఊపిరి తీయిస్తే వదులుతుంది. టెన్షన్ లేకుండా అదే జరుగుతుంటే కాల్షియం పరీక్ష చేయించాలి.

డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు

వారానికి రెండు మూడు రాత్రులు నిద్ర చెడుతున్నా, సాగదీతతో ఆరు వారాల్లో తేడా లేకపోయినా పోవాలి. ముందు మీ పీహెచ్‌సీ, లేదా మీ బీపీ, షుగర్ చూసే డాక్టరే చాలు. షుగర్, క్రియాటినిన్, పొటాషియం, కాల్షియం, థైరాయిడ్ పరీక్షలు ఎక్కువగా రాస్తారు. అవి చూసి అవసరమైతే వాళ్లే నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రులకు పంపుతారు. ఏ కండ, ఏ టైములో, ఎంతసేపు, ఏం చేస్తే వదిలింది అని వారం రోజులు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇంట్లో ఉన్న మాత్రల రేకులన్నీ, బలం మాత్రలు, ఆకు పసరు మందులతో సహా సంచిలో వేసుకుని పోండి.

ఆ పెద్దమ్మ అలాగే సంచి తీసుకుని పోయింది. డాక్టర్ ఆమె నీటి మాత్ర మోతాదు తగ్గించారు. పడుకునే ముందు గోడ దగ్గర సాగదీత ఆమె మనవరాలు చేయిస్తోంది. ఇప్పుడు పట్టు వారానికి ఒకసారి వస్తే ఎక్కువ అంటోంది. వచ్చినా చీకట్లో వెతుక్కోకుండా, తువ్వాలు ఒకటి మంచం కోడుకు కట్టి ఉంచుకుంది.